ఇంటి నుంచి పని, విశ్వవిద్యాలయ సిబ్బంది, సామాజిక విస్తరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వవిద్యాలయాల్లో ఇంటి నుంచి పని చేయడం 2020లోనే మొదలైందా?

కాదు. జవాబు పత్రాలు దిద్దడం, పరిశోధన వ్యాసాలు రాయడం, మరునాటి పాఠానికి సిద్ధపడడం వంటి పనులను అధ్యాపకులు ఎంతో కాలంగా ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. దానికి ఎవరూ ప్రత్యేకంగా ఒక పేరు పెట్టలేదు, అనుమతి పత్రమూ అడగలేదు. ‘టెలికమ్యూటింగ్’ (కార్యాలయానికి వెళ్లకుండా దూరం నుంచే పనిచేయడం) అనే మాటను 1973లో వాడుకలోకి తెచ్చిన జాక్ నిల్లెస్ కూడా అప్పట్లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తున్నారు. ఇక బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో రేడియో, టెలివిజన్, తపాలా ఆధారంగా బోధన ప్రారంభించి, విద్యార్థి తరగతి గదికి రాకుండానే పట్టా పొందవచ్చని నిరూపించింది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న తర్వాత అసలైన మార్పు వచ్చింది బోధనేతర సిబ్బందికి. ప్రవేశాల విభాగం, పరీక్షల విభాగం, లెక్కల విభాగం, విద్యార్థి సేవలు, విస్తరణ విభాగం (విశ్వవిద్యాలయ పరిజ్ఞానాన్ని, సేవలను బయటి ప్రజలకు చేర్చే విభాగం) వంటి చోట్ల రోజూ ఒక బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన వారికి సమాధానం చెప్పే ఉద్యోగులు మొదటిసారిగా ప్రాంగణానికి దూరమయ్యారు. అందుకే కింది సమాధానాల్లో ఎక్కువ భాగం వారి గురించీ, వారి ద్వారా విశ్వవిద్యాలయాన్ని చేరుకునే ప్రజల గురించీ ఉంటుంది.

సిబ్బంది అందరికీ ఈ వెసులుబాటు సమానంగా దొరుకుతుందా?

దొరకదు. ప్రయోగశాల సహాయకులు, భద్రతా సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు, వసతి గృహాల పర్యవేక్షకులు, పుస్తకాలను అరల్లో సర్దే గ్రంథాలయ ఉద్యోగులు తమ పనిని ఇంటికి తీసుకువెళ్లలేరు. సాధారణంగా తక్కువ జీతాలు వీరిలో చాలామందివే. ఒకే సంస్థలో కొందరికి ప్రయాణ ఖర్చు, సమయం మిగులుతుండగా మరికొందరు ఖాళీ భవనాలను కాపలా కాస్తూ ఉండవలసి రావడం కొత్త రకం అసమానత. పైగా, గదిలో మనిషి లేనప్పుడు వచ్చిన వారికి దారి చెప్పే బాధ్యత, అది తమ ఉద్యోగ విధుల్లో లేకపోయినా, వీరి మీదే పడుతుంది. విధానం రాసేటప్పుడు ఈ అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకోని సంస్థలే ఎక్కువ.

ఇంటి నుంచి పని చేస్తే పని తగ్గుతుందా, పెరుగుతుందా?

పని స్వభావాన్ని బట్టి రెండూ జరుగుతాయి. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థలో కాల్ సెంటర్ ఉద్యోగులపై తొమ్మిది నెలలపాటు జరిపిన ప్రయోగ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇంటి నుంచి పనిచేసిన వారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. ఉద్యోగం మానేసే వారి సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఈ అంకెలను ఉటంకించేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కానీ అదే అధ్యయనంలో మరో రెండు సంగతులున్నాయి. ఇంటి నుంచి పనిచేసిన వారికి, వారి పనితీరుతో పోల్చి చూస్తే, పదోన్నతుల అవకాశం తగ్గింది. ప్రయోగం ముగిశాక ఎవరికి నచ్చిన చోటు వారు ఎంచుకోవచ్చని చెప్పినప్పుడు సగానికి పైగా మంది తమ చోటు మార్చుకున్నారు.

అదే సంస్థలో 1,612 మందితో జరిగిన మరో ప్రయోగం 2024లో ‘నేచర్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసిన వారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు మదింపులోనూ, పదోన్నతుల్లోనూ తేడా కనబడలేదు. పూర్తిగా ఇంటికే పరిమితమైన పద్ధతికీ, రెండు రోజుల మిశ్రమ పద్ధతికీ మధ్య ఉన్న దూరం ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

అయితే విశ్వవిద్యాలయ పనిలో ఫోన్ కాల్స్ లాగా లెక్కపెట్టగలిగిన భాగం కొంతే. ఎన్ని దరఖాస్తులు పరిష్కరించారో చెప్పవచ్చు. దిక్కుతోచక వచ్చిన విద్యార్థిని కూర్చోబెట్టి మాట్లాడి, చదువు మానేయకుండా ఆపిన అరగంటను ఏ పట్టికలో చూపించాలి?

కొత్తగా చేరిన ఉద్యోగులపై ప్రభావం ఎలా ఉంటుంది?

అనుభవజ్ఞులకంటే వారికే ఎక్కువ నష్టం. విశ్వవిద్యాలయంలో నిబంధనల పుస్తకం ఒకటి, పని నడిచే తీరు మరొకటి. ఏ ఫైలు ఎక్కడ ఆగుతుంది, ఏ కమిటీ ముందుకు దేన్ని ఎప్పుడు తీసుకువెళ్లాలి, ఏ విభాగాధిపతికి ముందుగా నోటిమాటగా చెప్పి ఆ తర్వాతే లేఖ పంపాలి అన్న విషయాలు ఎక్కడా రాసి ఉండవు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దవారు ఫోన్‌లో మాట్లాడుతుంటే విని నేర్చుకునే విద్య ఇది. తెర మీద పిలిచి అడగాలంటే ముందు ప్రశ్న ఏమిటో తెలియాలి. కొత్తవారికి సాధారణంగా తెలియనిది ఆ ప్రశ్నే. అందువల్ల కొత్తగా చేరినవారికి మొదటి కొన్ని నెలలు ప్రాంగణంలోనే పని కేటాయించడం, ఆ రోజుల్లో వారికి నేర్పవలసిన సీనియర్లు కూడా అక్కడే ఉండేలా చూడడం అవసరం. కొత్తవారు వచ్చి, నేర్పేవారు రాకపోతే వారు ఖాళీ గదిలో కూర్చుని వీడియో సమావేశాలు చూస్తారు, అంతే.

విభాగాల మధ్య సంబంధాలు నిజంగా దెబ్బతింటాయా?

ఈ విషయంలో ఆధారాలు చాలా బలంగా ఉన్నాయి. 2020 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని 61,182 మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సమాచార మార్పిడిని పరిశీలించిన అధ్యయనం, సంస్థ అంతా ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టాక సొంత బృందంలో సంబంధాలు చిక్కబడ్డాయనీ, ఇతర బృందాలతో గడిపే సమయం సుమారు పావు వంతు తగ్గిందనీ తేల్చింది. అంటే మాట్లాడుకోవడం ఆగలేదు. ఎప్పుడూ మాట్లాడుకునే వారితోనే మాట్లాడుకోవడం పెరిగింది.

పరిశోధన రంగంలో ఇది మరింత స్పష్టం. సుమారు 2 కోట్ల పరిశోధన వ్యాసాలను, 40 లక్షల పేటెంట్లను విశ్లేషించి 2023లో ‘నేచర్’లో వెలువడిన అధ్యయనం, దూరదూరంగా ఉన్న పరిశోధకుల బృందాలు ఒకే చోట ఉన్న బృందాలతో పోలిస్తే కొత్త దారి తీసే ఆవిష్కరణలు చేసే అవకాశం తక్కువని చూపింది. ఇది ఊహించనిదేమీ కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఆలెన్ 1970లలోనే ఇంజినీర్ల బల్లల మధ్య దూరం పెరిగే కొద్దీ వారి మధ్య సంభాషణ వేగంగా పడిపోతుందని కొలిచి చూపించారు. ఆయన మాట్లాడింది ఒకే భవనంలోని కొన్ని పదుల మీటర్ల దూరం గురించి.

విస్తరణ కార్యక్రమాలకు ఈ ఫలితం ఎందుకు ముఖ్యమంటే, ఒక సమాజ సమస్య ఏనాడూ ఒక్క విభాగం పరిధిలో ఇమడదు. తాగునీటి గురించి వచ్చిన వారికి రసాయన శాస్త్రం, ప్రజారోగ్యం, సివిల్ ఇంజినీరింగ్, న్యాయం ఇవన్నీ అవసరం కావచ్చు. ఈ నాలుగు విభాగాల వారు ఒకరినొకరు ఎరిగి ఉండకపోతే, వచ్చినవారే నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాలి.

వీడియో సమావేశాల తర్వాత అంత అలసట ఎందుకు?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బైలెన్సన్ 2021లో నాలుగు కారణాలు సూచించారు: మరీ దగ్గరగా, ఎడతెగకుండా కళ్లలోకి చూస్తున్నట్టు ఉండే ముఖాలు, మాట్లాడుతున్నంతసేపూ తన ముఖాన్ని తానే చూసుకోవడం, కదలకుండా ఒకే చోట కూర్చోవడం, తల ఊపడం వంటి సహజమైన సైగలను కూడా శ్రమపడి ఇవ్వవలసి రావడం. మన ముఖం మనకు కనబడకుండా చేసుకోవడం, తప్పనిసరి కాని సమావేశాలను ఫోన్‌కు మార్చడం వంటి చిన్న చర్యలతోనే కొంత ఉపశమనం దొరుకుతుంది.

పని వేళలకు హద్దు లేకపోవడం వేరే సమస్య. పని ముగిశాక సంస్థ సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ చట్టం 2017 జనవరి 1 నుంచి గుర్తించింది. 2024లో ఆస్ట్రేలియాలోనూ అటువంటి హక్కు అమల్లోకి వచ్చింది. విస్తరణ సిబ్బంది ఇబ్బంది మరీ ఎక్కువ. స్వచ్ఛంద కార్యకర్తలు, తల్లిదండ్రులు, చిన్న సంఘాల వారు తమ సొంత పనులు ముగించుకుని సాయంత్రాలు, సెలవు రోజుల్లోనే మాట్లాడగలరు. ఒకసారి ఉద్యోగి సొంత ఫోన్ నంబరు వారి చేతికి వెళ్లాక ఆ ఉద్యోగికి సెలవు అనేది కాగితం మీదే మిగులుతుంది. సంస్థ నంబరు ఇవ్వడం, సాయంత్రం పనిచేసిన గంటలకు బదులుగా పగలు విరామం ఇవ్వడం ఖర్చుతో కూడిన పనులేమీ కావు.

విస్తరణ ఉద్యోగి ప్రాంగణంలో ఉండకపోతే నష్టమేమిటి? వారి పని బయటే కదా?

ఈ విషయమంతటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. విస్తరణ అన్న భావన పుట్టిందే విశ్వవిద్యాలయం గోడ దాటడం కోసం. 1873లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఇతర పట్టణాలకు ఉపన్యాసకులను పంపడం ప్రారంభించింది. 1884లో లండన్ తూర్పు ప్రాంతంలో స్థాపితమైన టాయిన్‌బీ హాల్‌లో విశ్వవిద్యాలయ పట్టభద్రులు పేదల మధ్యనే నివాసం ఉండి పనిచేశారు. 1914లో అమెరికాలో వచ్చిన స్మిత్–లీవర్ చట్టం ‘ల్యాండ్–గ్రాంట్’ విశ్వవిద్యాలయాల (ప్రభుత్వం ఇచ్చిన భూముల ఆధారంగా ఏర్పడినవి) పరిజ్ఞానాన్ని రైతులకు చేర్చే సహకార విస్తరణ వ్యవస్థను నెలకొల్పింది. ఆ ఉద్యోగులు ప్రాంగణంలో కాక, తాము సేవ చేసే జిల్లాల్లోనే ఉండేవారు. ఆ లెక్కన చూస్తే విస్తరణ ఉద్యోగి నూరేళ్లుగా ‘కార్యాలయానికి దూరంగా’ పనిచేస్తున్నవాడే.

అయితే ఆ ఉద్యోగి కార్యాలయానికి దూరమై ప్రజలకు దగ్గరయ్యాడు. నేటి ఉద్యోగి ఇంటి నుంచి పనిచేస్తే రెంటికీ దూరమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి విస్తరణ ఉద్యోగి హాజరును ప్రాంగణం ద్వారం దగ్గర కొలవడమే తప్పు. నెలలో ఎన్ని రోజులు ప్రజల మధ్య గడిపారన్నది అడగాలి. వారానికి మూడు రోజులు ప్రాంగణంలోని గదిలో తలుపు మూసుకుని నివేదికలు రాసే ఉద్యోగికంటే, ఇంటి నుంచి నివేదికలు రాసి మూడు రోజులు పాఠశాలల్లో, ఆరోగ్య కేంద్రాల్లో, సంఘాల సమావేశాల్లో తిరిగే ఉద్యోగి విశ్వవిద్యాలయానికి ఎక్కువ మేలు చేస్తారు.

ఆన్‌లైన్ కార్యక్రమాలతో ఎక్కువమందిని చేరుకోవచ్చు కదా?

చేరుకోవచ్చు. సభామందిరంలో వంద మంది పట్టే చోట వెబినార్‌కు వెయ్యి మంది నమోదు చేసుకోవచ్చు. ప్రసంగాన్ని భద్రపరిచి తర్వాత కూడా చూపించవచ్చు. కార్యక్రమం సారమంతా తెర మీదే ఉన్నప్పుడు ఆన్‌లైన్ విధానం అద్భుతాలు చేస్తుంది. 2007 జులైలో ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రారంభించిన ‘గెలాక్సీ జూ’ దీనికి చక్కని ఉదాహరణ. గెలాక్సీల చిత్రాలను చూసి వాటి ఆకారాన్ని గుర్తించమని సాధారణ ప్రజలను ఆహ్వానిస్తే, మొదటి ఏడాదిలోనే సుమారు లక్షా యాభై వేల మంది 5 కోట్లకు పైగా వర్గీకరణలు చేశారు. హ్యానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ ఉపాధ్యాయురాలు ఆ చిత్రాల్లో ఒక వింత నీలి వెలుగును గమనించి అడిగిన ప్రశ్న, శాస్త్రవేత్తలకు అంతకుముందు తెలియని ఖగోళ వస్తువును వెలికి తెచ్చింది.

కానీ ఈ కార్యక్రమానికి వచ్చినవారు ఎవరు? కంప్యూటర్, ఇంటర్నెట్, తీరిక, ఆసక్తి ఉన్నవారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 అంచనా ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది సుమారు 260 కోట్ల మంది ఇంటర్నెట్ వాడలేదు. విస్తరణ కార్యక్రమాల అవసరం ఎక్కువగా ఉన్నవారు ఈ లెక్కలోనే ఎక్కువగా కనబడతారు. సంఖ్య పెరగడం, పరిధి పెరగడం వేర్వేరు. ఇంతకుముందు వచ్చేవారి వంటి వారే పదిరెట్లు వస్తే సంఖ్య పెరిగినట్టే గాని, విశ్వవిద్యాలయం కొత్తవారిని చేరినట్టు కాదు.

ముందస్తు సమయం తీసుకోకుండా వచ్చేవారి సంగతేమిటి?

దూర విధానం వల్ల కలిగిన నష్టాల్లో లెక్కకు అందనిది ఇదే. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని సంప్రదించాలంటే ఆ ఉద్యోగి పేరో, విభాగమో, ఈమెయిలో తెలియాలి. కనీసం తన సమస్య ఏ విభాగానికి చెందుతుందో తెలియాలి. తన కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కబోయే పిల్లల తల్లికి ఇవేమీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా విశ్వవిద్యాలయం అనే భవనం ఉందనీ, అక్కడికి వెళ్లి ఎవరినో ఒకరిని అడగవచ్చనీ. ఆ ‘ఎవరో ఒకరు’ లేకపోతే ఆమె వెనుదిరిగి వెళ్లిపోతుంది. ఆమె ఫిర్యాదు చేయదు, సర్వేలో పాల్గొనదు, వచ్చి వెళ్లినట్టు ఎక్కడా నమోదు కాదు. అందుకే సేవలన్నీ సజావుగా సాగుతున్నాయని నివేదిక రాసుకోవచ్చు.

పరిష్కారం అంత కష్టమైనది కాదు. కింది అంతస్తులో, ద్వారానికి కనబడే చోట, పని దినాలన్నింటా ఒక మనిషి కూర్చునే సహాయ కేంద్రం ఉండాలి. అక్కడ కూర్చునే ఉద్యోగికి అన్ని విభాగాల పని గురించి కనీస అవగాహన ఉండాలి. ఇంటి నుంచి పనిచేస్తున్న సహోద్యోగిని అప్పటికప్పుడు ఫోన్‌లో పిలిచి మాట్లాడించే అధికారం ఉండాలి. ఈ బాధ్యతను విభాగాలు వంతులవారీగా పంచుకుంటే సిబ్బందికి ఒకరి పని ఒకరికి తెలిసే అదనపు ప్రయోజనం కూడా ఉంటుంది.

భాగస్వామ్య సంఘాలు దీన్ని ఎలా చూస్తాయి?

ఒక సంఘానికి విశ్వవిద్యాలయం అంటే ఒప్పంద పత్రం కాదు, తమకు తెలిసిన ఒకరిద్దరు మనుషులు. పరిచయం, నమ్మకం ఏర్పడిన తర్వాత షెడ్యూళ్లు, బడ్జెట్లు, ముసాయిదాలు తెర మీదే మాట్లాడుకోవడం వారికీ సౌకర్యమే. గంట సమావేశం కోసం అరపూట ప్రయాణించవలసిన అవసరం తప్పుతుంది. మొదటి కలయిక, అభిప్రాయభేదం వచ్చిన రోజు, చెడు వార్త చెప్పవలసిన రోజు మాత్రం ఎదురుగా కూర్చోవాలి. పరిశోధన కోసం తమ వద్దకు వచ్చి సమాచారం సేకరించుకుని, ఆ తర్వాత మళ్లీ మొహం చూపించని వారి గురించి ప్రజలకు ఎప్పటినుంచో ఉన్న అనుమానాన్ని, ఫలితాలను లింకు రూపంలో పంపి ఊరుకోవడం మరింత బలపరుస్తుంది.

దీనివల్ల స్పష్టంగా మేలు పొందినవారు లేరా?

ఉన్నారు, వారిని మరచిపోయి అందరినీ ప్రాంగణానికి పిలవడం అన్యాయం అవుతుంది. కదలికలో ఇబ్బందులున్న ఉద్యోగులు, దీర్ఘకాలిక అనారోగ్యంతో ఉన్నవారు, చిన్న పిల్లలనో వృద్ధులనో చూసుకునేవారు అంతకుముందు ఎన్నో ఏళ్లుగా అడిగినా ‘వీలుపడదు’ అన్న సమాధానమే విన్నారు. 2020లో కొన్ని వారాల్లోనే అది వీలుపడింది. అదే విధంగా విస్తరణ కార్యక్రమాలకు వచ్చే వారిలోనూ వినికిడి లోపం ఉన్నవారికి తెర మీద వచ్చే అక్షరాలు, మంచానికి పరిమితమైన వారికి ఇంటి నుంచే పాల్గొనే వీలు కొత్త తలుపులు తెరిచాయి. ప్రత్యక్ష కార్యక్రమాలు తిరిగి మొదలవగానే ఆన్‌లైన్ ప్రసారాన్ని ఆపేసిన సంస్థలు, ఆ తలుపులను వారి ముఖాన వేసినట్టే.

వారానికి ఎన్ని రోజులు ప్రాంగణంలో ఉండాలన్న నియమం పెట్టడం మంచిది?

రోజుల సంఖ్యతో మొదలుపెడితే చర్చ బేరంలా మారుతుంది. ముందు పనులను విడదీయాలి. ఏకాగ్రతతో చేసే రాతపని, లెక్కలు, సమాచార విశ్లేషణ ఇంటి దగ్గర బాగా సాగుతాయి. కొత్తవారికి శిక్షణ, విభాగాల మధ్య సమన్వయం, సంఘాలతో తొలి పరిచయాలు మనుషులు ఎదురుపడితేనే సాగుతాయి. ఆ తర్వాత ఒకే బృందం వారంతా ఒకే రోజున వచ్చేలా చూడాలి. వేర్వేరు రోజుల్లో వస్తే ప్రయాణపు శ్రమ మిగులుతుంది తప్ప కలయిక జరగదు. విస్తరణ విభాగానికి ఆ రోజులను నిర్ణయించేటప్పుడు ప్రజలకు వీలైన రోజులేవో వారినే అడగాలి. ప్రవేశాలు, పరీక్షల ఫలితాల కాలంలో రాకపోకలు ఎక్కువ కాబట్టి ఏడాది పొడుగునా ఒకే నియమం ఉండనక్కరలేదు.

పూర్తిగా ఇంటి నుంచే పనిచేసే వ్యక్తిని విస్తరణ సమన్వయకర్తగా నియమించవచ్చా?

ఆ వ్యక్తి ఇల్లు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్యక్రమం జరిగే ప్రాంతంలోనే నివసిస్తూ, అక్కడి భాష, మనుషులు, వేళలు తెలిసిన వ్యక్తి అయితే, ప్రాంగణానికి నెలకు ఒకసారి వచ్చినా సరిపోతుంది. రోజూ ప్రాంగణానికి వచ్చే అభ్యర్థికంటే అటువంటి వారే మెరుగు. రెండు చోట్లకూ దూరంగా ఉండే వ్యక్తి అయితే క్షేత్ర పర్యటనల సంఖ్యను, వాటి ఖర్చును నియామక పత్రంలోనే రాయాలి. ప్రయాణ భత్యం తర్వాత చూద్దామన్న చోట పర్యటనలు జరగవు. ఆ వ్యక్తి ఉద్యోగం మానేస్తే పరిచయాలన్నీ వారి సొంత ఫోన్‌తోపాటే వెళ్లిపోకుండా, సంఘాల వారి పేర్లు, గతంలో ఇచ్చిన హామీలు, ఆగిపోయిన పనుల వివరాలు విభాగం దగ్గర నమోదై ఉండాలి. వెళ్లేముందు కొత్తగా వచ్చే సమన్వయకర్తను వెంటబెట్టుకుని ప్రతి సంఘానికీ ఒకసారి స్వయంగా వెళ్లి పరిచయం చేయాలన్న షరతును కూడా ఆ పత్రంలోనే చేర్చడం మంచిది.